ఇంద్రుడి సాక్ష్యం

ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ముందు నేను ఖతార్ చూడబోతే, అల్ రయ్యాన్‌లో స్టేడియం కట్టే పనిచేసే జగిత్యాల రాజన్న సెలవు అడగడానికి నన్ను దుబాసీగా తన తుర్కీ ఫోర్‌మన్ దగ్గరికి లాక్కెళ్లాడు.

"కప్పు కాగానే సెలవు, ఒట్టు" అన్నాడు ఫోర్‌మన్. పైగా ఓ చరిత్ర పాఠం: పూర్వం తమ దేశాన్నేలిన హిట్టైట్లు పొరుగు రాజ్యం మితన్నీతో సంధి రాసుకుంటే, అందులో సాక్షులు మన ఇంద్రుడూ వరుణుడూనట. నేను పొంగిపోయాను.

రాజన్న పొంగలేదు. "ఇంద్రుడా? అహల్య కాడికి దొంగ వేషంల పోయినోడు సాక్ష్యమా సార్? ఇగ వరుణుడైతే ఈ ఎడారి దిక్కే రాడు. సెలవు సంగతి కాయితం మీద రాసియ్యమనుండ్రి."

అదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఫోర్‌మన్ పగలబడి నవ్వి, రాసి, సంతకం చేశాడు. రాజన్న కాగితం నా వైపు తోశాడు. "సాక్షి సంతకం మీరు పెట్టుండ్రి సార్."

ఆ ప్రయాణంలో నాకు దక్కిన ఇంద్రపదవి అదొక్కటే.