తాలు కాయల అసైన్‌మెంట్

ఆ రోజుల్లో చదువంటే పొద్దున్నే వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేది. దాచేపల్లి దగ్గర మా పల్లెలో, పోస్ట్‌మ్యాన్ తెచ్చి గుమ్మంలో ఇచ్చే చదువు మొదట చదివింది నేనే. ఇంటర్ కాగానే దూరవిద్యలో మల్టీమీడియా డిప్లొమాలో చేరాను. (అదేమిటో తెలిసే చేరానని అనుకోకండి. పేరు పలకడానికి గొప్పగా ఉండేది, అంతే.) ఇంట్లో కంప్యూటర్ లేదు. అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని, పుస్తకం చూస్తూ దాని మీదే వేళ్ళు ఆడించేదాన్ని. నేను టీటీసీ చదివి పంతులమ్మను కావాలని నాన్న కోరిక. నా అట్ట విద్య నాలుగు రోజులు చూసి, "మొదటి అసైన్‌మెంట్ దాకా ఆగుతానమ్మాయ్. ఇదేం చదువో నాకర్థమైతే సరే. లేదంటే మారు మాట్లాడకుండా టీటీసీలో చేరాల" అన్నాడు. భయపడుతూనే సరేనన్నాను.

మొదటి అసైన్‌మెంట్‌గా ఒక ఫోటోకు రంగులు సవరించి, ముందూ తర్వాతా ఎలా ఉందో రెండు ప్రింట్లు పంపమన్నారు. కళ్ళంలో ఆరబోసిన మా మిరపకాయల్ని అడిగి తెచ్చుకున్న కెమెరాతో తీసి, దాచేపల్లి ఇంటర్నెట్ సెంటర్లో స్కాన్ చేయించి, ఎరుపును చివరికంటా పెంచేశాను. వెతికినా ఒక్క తెల్ల కాయ కనబడలేదు. గర్వంగా కళ్ళానికి తీసుకెళ్ళాను. అక్కడ ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. (రంగు చచ్చి తెల్లబడిన కాయల్ని తాలు అంటాం. వాటిని వేరు చేయందే సరుకు మిర్చి యార్డుకు వెళ్ళదు.) నా ప్రింటు చూసి వాళ్ళు ఒకటే నవ్వు. "ఈ పిల్లని రోజూ పంపించయ్యా, మాకు నడుం నొప్పి తప్పుద్ది!" నాన్న మాత్రం నవ్వలేదు.

"తాలేదమ్మా ఇందులో?"

"ఎర్రగా మార్చేశా నాన్నా."

"తాలు కలిపి ఎరుపని చూపిస్తే ఏమంటారో తెలుసా?"

"ఇది ఫోటో నాన్నా, సరుకు కాదు!"

"చూసేవాడికి రెండూ ఒకటే గదా."

టీటీసీ ఖాయమైపోయిందని ఆ పూట అన్నం కూడా తినలేదు. తెల్లారి చూస్తే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "పద, మళ్ళీ చెయ్. ఎరుపు ఎర్రగా ఉండాల, తాలు తాలుగానే ఉండాల. చేయగలవా?" చేయొచ్చని పుస్తకంలో ఉంది. కాయ కాయకూ చుట్టూ గీత గీయాలి. (అట్టముక్క మీద అంతవరకూ రాలేదు నేను.) సెంటర్లో మూడు గంటలు కూర్చున్నాం. నాన్న తెర మీద వేలు పెట్టి, "ఇది తాలు, వదిలెయ్. ఇది మంచి కాయే, నీడ పడింది, ఇంకాస్త ఎరుపెయ్" అంటుంటే నేను మౌసు నొక్కాను. ఆ వేలిముద్రలు తుడవలేక సెంటరాయన తల పట్టుకున్నాడు. లేచేటప్పుడు నాన్న, "ఇంత ఓపిక కావాలా దీనికి!" అన్నాడు. ఆ మాటతో నా భయం సగం పోయింది.

పోయిన ఆ సగం ఫలితంతో పాటే తిరిగొచ్చింది. అత్తెసరు మార్కులు. పక్కన ఎర్ర సిరాతో "రంగుల సవరణ అసంపూర్తి. తెల్లమచ్చలు మిగిలిపోయాయి" అని రాశారు. చదివి వినిపించాను. నాన్న చివ్వున లేచాడు. "మచ్చలా? ఆయనెప్పుడూ మిరపకాయ చూళ్ళేదా? కాయితం తియ్, నేను చెప్తా, రాయి!"

"అయ్యా, అవి మచ్చలు కావు, తాలు కాయలు. మా అమ్మాయి వాటిని తెలిసే వదిలిపెట్టింది. మూడు గంటలు కష్టపడింది. పక్కనుండి చూశాను. మీరు మళ్ళీ చూడవలసింది."

కింద సంతకం పెట్టాడు. టీటీసీ ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం పరువు పోతుందని ఆ ఉత్తరాన్ని పుస్తకంలో దాచేసి, పోస్ట్ చేశానని అబద్ధం చెప్పాను. జవాబు వచ్చిందా అని ఆయన చాలాకాలం అడిగాడు.

ఇప్పుడు రంగులు దిద్దడమే నా ఉద్యోగం. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. నా పని గురించి నా తరఫున అంత గట్టిగా మాట్లాడిన మనిషి మళ్ళీ తగల్లేదు. ఆనాటి నాలోని సిగ్గులమారి పిల్ల దాని మీద ఒక్క స్టాంపు అంటించి ఉంటే ఎంత బాగుండేది!