గొంగడికి అంటు లేదు

1959 చలికాలం. వికారాబాదు ఆసుపత్రిలో నేను మిడ్‌వైఫ్‌గా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. మిడ్‌వైఫ్ అంటే కాన్పులు చేయడానికి ప్రత్యేకంగా చదువుకున్న నర్సు. పుట్టి పెరిగింది తాండూరులో, రాతి గనుల్లో పనిచేసే వాళ్ల వాడలో. నోరు పెద్దదని నా వెనక అనుకునేవారు. ముందు అన్నా నేనేమీ అనుకునేదాన్ని కాదు. గనుల పక్క పెరిగినవాళ్లం, మెల్లగా మాట్లాడితే పక్కవాడికి వినపడదు మరి.

ఆ ఏడు మా డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. ఆమెది గుంటూరు వైపు. రెండు ప్రాంతాలూ ఒక్క రాష్ట్రమయ్యాక ఇటు వచ్చింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల్లో ఎవరిని కదిలించినా "సలిపట్టి పోయింది" అనే మాటే. జ్వరం లేదు, గాయం లేదు, పుట్టినప్పుడు ఏడిచింది కూడా. మరెందుకు పోయింది? డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఇలా చెప్పింది: "పుట్టిన క్షణం నుంచి మొదటి స్నానం దాకా ఆ పిల్ల ఎక్కడుంది? ఎవరి చేతుల్లో ఉంది? ఒంటి మీద ఏముంది? ముందు అది చూసి వచ్చి చెప్పండి. బోధలు తరువాత చేద్దాం." ఊళ్లకు వెళ్లేవాళ్లందరికీ తలా ఒక థర్మామీటర్ ఇచ్చింది. పెద్దవాళ్ల జ్వరం చూసేదే. అంతకన్నా మేలైనది మా దగ్గర లేదు.

చూసి రమ్మంటే సరే. చూస్తూ ఊరుకోవడమే నాకు చేతకాదు.

తిరగగా తిరగగా ఒక సంగతి తేలింది. నేను తిరిగిన ఊళ్లలో చాలా ఇళ్లల్లో బిడ్డ వెనక వచ్చే మాయ పడేదాకా బొడ్డు కోసేవారు కాదు. ముందే కోస్తే మాయ పైకెక్కి తల్లి గుండెను పట్టుకుంటుందని భయం. అందాకా పిల్లను ఎవరూ ముట్టరు, ఒంటి మీద బట్ట వేయరు. అంటు. మాయ వెంటనే పడితే ఏ చిక్కూ లేదు. ఆలస్యమైతే మాత్రం పిల్ల తడి ఒంటితో అలాగే నేల మీద. ఆ నేల చాలా ఇళ్లల్లో తాండూరు బండలది. ఎండాకాలం వాటి మీద నడుం వాలిస్తే లేవబుద్ధి కాదు. పుష్యమాసంలో కాలు మోపితే జివ్వుమంటుంది.

దోమ అనే ఊళ్లో వారానికోసారి గర్భిణులను చూసే రోజుండేది. ఒకసారి పొద్దున బస్సు దిగానో లేదో, నల్లగొంగడి కప్పుకున్న మనిషి ఒకడు పరుగున వచ్చాడు. పేరు మల్లయ్య. పక్క ఊరి కురుమాయన, గొర్రెలు కాస్తాడు.

"నర్సమ్మా, జర జల్ది రా. పిల్ల పుట్టింది గని మాయ పడ్తలేదు."

"ఎంతసేపాయె?"

"పొద్దుపొడుపుకు పుట్టింది. నేను ఉరికి ఉరికి అచ్చిన." దారిలో తనే చెప్పాడు. "మొదటి ఇద్దరు పోయిన్రు నర్సమ్మా. ఇద్దరు గూడ సలికాలమే. గిది గూడ పోతె నా పెండ్లాం సాయమ్మ మనిషి గాదు. నాకు గదే ఫికరు."

వాళ్ల ఇంటి ముందు నెగడు మండుతున్నది. దాని పక్కన ఒక పాత గొంగడి ముడుచుకుని ఉంది. అందులో నుంచి చిన్న మూతి బయటికొచ్చి నన్ను చూసింది. ఆ పొద్దున్నే పుట్టిన గొర్రెపిల్ల. ఒళ్లు తుడిచి, వెచ్చగా చుట్టి, గాలి తగలకుండా గోడ వారగా పెట్టారు. నాకు ముచ్చటేసింది.

ఆ ముచ్చట గడప దాటేదాకే. లోపల సాయమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కాళ్ల మధ్య, బండ మీద, ఆడపిల్ల. ఒంటి మీద నూలుపోగు లేదు. తల్లికీ పిల్లకూ మధ్య బొడ్డుతాడు అలాగే ఉంది. పెదవులు నేరేడుపండు రంగు. ఏడవడం లేదు, సన్నగా మూలుగుతున్నది. పక్కన సాయమ్మ అత్త పోచవ్వ. ఆ వాడలో కాన్పులన్నీ ఆమె చేతి మీదే జరిగేవి.

డాక్టరమ్మ చెప్పినట్టు పిల్ల చంకలో థర్మామీటర్ పెట్టాను. పాదరసం అడుగు నుంచి కదల్లేదు. విదిలించి మళ్లీ పెట్టాను. అక్కడే ఉంది. ఇది చెడిపోయినట్టుంది అనుకుంటూ పిల్ల పొట్ట మీద చెయ్యి వేశాను. కుండలో నీళ్లు ముట్టుకున్నట్టుంది. చెడిపోయింది థర్మామీటర్ కాదు.

సంచిలోంచి కత్తెర తీయబోయాను. పోచవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"కోసినవంటె మాయ మీదికెక్కుతది. మా చెల్లె గట్లనే పోయింది, నా కండ్ల ముంగటనే. పిల్ల పోతె ఇంకోటి పుడ్తది. కోడలు పోతె నేను యాడికెళ్లి తేవాలె?"

"అవ్వా, కోసినా ఏం గాదు. నేను ఎన్ని కాన్పులు జేసిన!"

"నువ్వు జేసినవి నీ దవాఖానల. గిది నా ఇల్లు."

సాయమ్మ కూడా తల అడ్డంగా ఊపింది. "కొయ్యకు నర్సమ్మా. నాకు బుగులయితది."

పోట్లాడితే నేనే గెలుస్తానేమో. కానీ ఆ పెద్దమ్మను పక్కకు నెట్టి కోసి, ఆ తరువాత తల్లికి ఏ చిన్న తేడా వచ్చినా, ఆ ఊళ్లో ఇంకో గడప నాకు తెరుచుకోదు. సాయమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. రక్తం ఎక్కువగా పోవడం లేదు, నాడి బాగుంది. మాయ కోసం ఇంకాసేపు ఆగవచ్చు. ఎర్గోమెట్రిన్ అని రక్తస్రావం ఆపే ఇంజెక్షన్ సంచిలో సిద్ధంగానే ఉంది. తల్లి ఆగగలదు. పిల్ల ఆగలేదు.

నాకు కోపం తన్నుకొచ్చింది. గడప దగ్గరికి వెళ్లి బయటున్న మల్లయ్యను పిలిచాను.

"ఏమయ్యా, గొర్రెపిల్లకేమో గొంగడి, నీ బిడ్డకేమో బండనా?"

అతని ముఖం చిన్నబోయింది. "నేనేం జేతు నర్సమ్మా? మాయ పడకముందు బట్ట ముట్టియ్యద్దంటరు. అంటు గదా."

"బట్టకు అంటు. మరి గొంగడికో?"

మల్లయ్య గడప మీదుగా తన తల్లి పోచవ్వ వైపు చూశాడు. కురుమల ఇంట్లో పుట్టినవాళ్లకు నేను నేర్పే సంగతా అది? వాళ్ల కులదేవుడు బీరప్ప పూజలో పరిచేది గొంగడే. చావింట్లో కప్పుకున్నా, పురిటింట్లో పరిచినా దాన్ని తడపనక్కరలేదు. ఉన్నికి మైల లేదు. మా తాండూరులోనూ ఆ మాట అందరూ అనేదే.

"గొంగడికి అంటెక్కడిదే?" అంది పోచవ్వ, తనను ఎవరో తప్పుపట్టినట్టు.

"నేను గూడ గదే అంటున్న. బొడ్డు నేను కొయ్య. నీ మాటే నెగ్గనీ. గొంగడి కప్పుత."

"పిల్లను ముట్టేదెవరు?"

"నేనే ముడుత. అంటు నాకు కొత్తనా? దినాం గదే పని నాది."

మల్లయ్య కప్పుకున్న గొంగడి తీసి గడప లోపలికి అందించాడు. పరుగెత్తి వచ్చిన మనిషి ఒంటి వేడి ఇంకా దానిలో ఉంది. "గొర్రెపిల్లనైతే తడి తుడిచి నా రొమ్ముకు పెట్టుకుంట, మీదికెళ్లి గిది కప్పుత" అన్నాడు బయటి నుంచే. తల్లి ఉండగా వేరే రొమ్ము ఎందుకు? పిల్ల ఒళ్లంతా తుడిచి, సాయమ్మను వెనక్కి వాల్చి, రవిక విప్పించి, పిల్లను ఆమె గుండెల మీద బోర్లా పడుకోబెట్టాను. బొడ్డుతాడు లాగకుండా అక్కడి దాకా అందింది. మీద గొంగడి కప్పాను, తల్లి గడ్డం దాకా.

సాయమ్మ చేతులు మొదట ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాలిలో ఉండిపోయాయి. తరువాత గొంగడి మీదుగా పిల్లను పొదివి పట్టుకుంది. "మొదటి ఇద్దర్ని సచ్చినంకనే ఇచ్చిన్రు నా చేతికి" అంది. నేను మొహం తిప్పుకున్నాను. పోచవ్వ కూడా తిప్పుకుంది. ముసలామె రాతిగుండెది కాదు. ఆ ఇద్దరినీ మోసింది ఆ చేతులే కదా.

కాసేపటికి గొంగడి కింద కదలిక మొదలైంది. సాయమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది. పిల్లకు చన్ను అందింది. మూడు రోజుల దాకా పాలివ్వకూడదని, ముర్రుపాలు పిండి పారబోయాలని ఆ ఇంటి పద్ధతి. గొంగడి కింద ఏం జరుగుతున్నదో పోచవ్వకు కనపడలేదు. నాకు తెలిసినా ఇంటి వాసాల వైపు చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో నోరు మూసుకుని చేసిన మంచి పనుల్లో అది మొదటిది.

పిల్ల చీకితే గర్భసంచి ముడుచుకుంటుంది, ముడుచుకుంటే మాయను తోసేస్తుంది. అది మిడ్‌వైఫ్ చదువులో పాఠమే, కానీ బొడ్డు కోయని పిల్లతో ఆ పాఠం నేనెప్పుడూ చూడలేదు. సాయమ్మ పొట్ట నా చేతి కింద గట్టిపడింది. "నొస్తుంది నర్సమ్మా" అంది. మాయ మొత్తంగా వచ్చేసింది.

"బీరప్ప నా మొక్కు ఇన్నడు" అంది పోచవ్వ. నేను కాదనలేదు. బిడ్డ బతికితే ఎవరి ఖాతాలో వేసుకుంటే ఏం? అప్పుడు నీళ్లలో మరిగించిన దారంతో కట్టి, మరిగించిన కత్తెరతో, పోచవ్వ అనుమతితోనే బొడ్డు కోశాను. పిల్ల మమ్మల్నందరినీ తిడుతున్నట్టు ఏడుపు అందుకుంది. థర్మామీటర్ మళ్లీ పెడితే పాదరసం అడుగు వదిలింది. బయట మల్లయ్య గోడకు తల ఆనించి ఏడ్చాడు, ఎవరి నుంచీ దాచుకోలేదు.

ఇదంతా చెబితే డాక్టరమ్మ చాలాసేపు థర్మామీటర్‌ను తిప్పి తిప్పి చూసింది. "ఇంత చల్లబడిన పిల్లలుంటారని దీన్ని చేసినవాళ్లకు తోచలేదమ్మా" అంది. ఆ తరువాత బొడ్డు వెంటనే కోయాలని ఊళ్లలో గట్టిగా చెప్పిద్దామంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం నేను కూడా. ఇద్దరం వాదించుకున్నాం. పిల్లను చంపుతున్నది బొడ్డుతాడు కాదు, బండ అన్నాను. చివరికి ఒప్పుకుంది, ఇద్దరం ఇలా తేల్చాం. ఆసుపత్రిలో మా పద్ధతి మాదే. రక్తం ఎక్కువ పోతుంటే మాత్రం ఏ మాటా వినకుండా ఆసుపత్రికి బండి కట్టించాలి. మిగతా ఇళ్లల్లో బొడ్డు దగ్గర తగువు వద్దు. ముందు తడి తుడిచి పిల్లను తల్లి రొమ్ము మీద వేసి కప్పండి. ఈ మాట నవాబుపేట, మోమిన్‌పేట వైపు కూడా చెప్పుకుంటూ తిరిగాం. విన్నవాళ్లున్నారు, మా మొహం మీద తలుపు వేసినవాళ్లూ ఉన్నారు.

ఒక ఇంట్లో తప్పు ఎక్కడుందో చూడటం తేలిక. దాని విరుగుడు కూడా ఆ ఇంట్లోనే, చాలాసార్లు నెగడు పక్కనే, ఉంటుంది. అది వెతకడమే నా పని అని ఆ పొద్దున నేర్చుకున్నాను. తరువాత ఏ పురిటింటికి వెళ్లినా లోపలికి పోయే ముందు వాకిట్లో ఒకసారి నిలబడి చూసేదాన్ని.

కొన్నేళ్ల తరువాత మళ్లీ చలికాలంలోనే సాయమ్మకు నొప్పులని కబురొచ్చింది. నేను చేరేసరికి పొద్దెక్కింది. వాకిట్లో ఆనాడు గొంగడి కింద బతికిన పిల్ల గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు తోశాను.

"ఎవరే అది? తలుపెయ్యి! పసిగుడ్డున్నది, సలిగాలి కొడ్తది!" అని లోపలి నుంచి పోచవ్వ కసిరింది. సాయమ్మ గొంగడి కప్పుకుని పడుకుని ఉంది. గడ్డం కింద చిన్న నల్లటి తల కనపడుతున్నది. బొడ్డు ఇంకా కోయలేదు. పోచవ్వ నన్ను గుర్తుపట్టింది కానీ గొంతు తగ్గించలేదు. "నర్సమ్మవైతె ఏంది, ముందుగాల తలుపెయ్యి."

మారు మాట్లాడకుండా తలుపు వేశాను.