దిష్టి మూట కింద నల్లపెట్ట

మా ఇంట్లో దేనికి కరువొచ్చినా అనుమానానికి మాత్రం రాదు. నాకు మదనపల్లె అంగడివాడి తక్కెడ మీద అనుమానం. మా ఆయన "అయిపోయింది" అని చెప్పే ప్రతి పని మీదా అనుమానం. మా అత్తకు మనుషుల కళ్ల మీదే అనుమానం.

మాది తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లె. పెరట్లో కోళ్లగూడు ఉంది. అందులో ఒక నల్లపెట్ట, గుర్రంకొండ దగ్గర మా పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మా అమ్మ పోయాక ఆమె కోళ్లలో మిగిలింది అదొక్కటే. మొన్నటి చలికాలంలో దాన్ని దాని గుడ్ల మీదే పొదగడానికి కూర్చోబెట్టాను. ముసలి పెట్ట, మళ్లీ పొదుగుతుందన్న నమ్మకం లేదు. పిల్లలు దిగితే మా అమ్మ కోళ్లు నా పెరట్లో ఉంటాయి, లేకుంటే అంతే సంగతి.

అలాంటిది, ఒకరోజు తెల్లారి వెళ్లి చూస్తే పెట్ట గుడ్లు వదిలేసి గూటి బయట నిలబడి ఉంది. తలమీద తురాయి పాలిపోయింది. గుడ్లు ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేవు.

"నేను చెప్పలా? ఆయమ్మ నిన్న గోడమీదనుంచి సూసింది," అంది మా అత్త.

ఆయమ్మ అంటే గోడ అవతలి ఇంట్లో ఉండే మా చిన్నత్త, మా అత్తకు తోడికోడలు. పోయిన ఏడు ఆమె మా కోడిపిల్లలను చూసి "ముద్దుగా ఉండాయే" అంది. ఆ వారంలోనే గద్ద వాటిని ఎత్తుకుపోయింది. ఇంకేముంది, మా అత్త నల్లగుడ్డలో ఉప్పు, ఎండుమిరపకాయలు, పాత చెప్పుముక్క కట్టి గూట్లో వేలాడదీసింది. చిన్నత్తకు ఆ సంగతి తెలిసింది. అప్పటినుంచి ఆమె మా పెరట్లో అడుగు పెట్టలేదు.

నేను కళ్లను అనుమానించే రకం కాదు, పేలను అనుమానించే రకం. కోడిపేలు పగలు కనబడవు. సందుల్లో దాక్కుని రాత్రిపూట కోడి రక్తం తాగుతాయి. అందుకే పొద్దున్నే కోళ్లు ఎక్కి పడుకునే కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. తుడిచాను. నలిగిన పేలతో గుడ్డమీద ఎర్రటి చారలు.

పెట్టను, గుడ్లను గంపలోకి మార్చి గూడంతా ఖాళీ చేశాను. గూట్లో పరిచిన పాత చెనక్కాయ పొట్టు కాల్చేసి కొత్తది వేశాను. కర్రల సందుల్లో మా ఆయనతో సలసల కాగే నీళ్లు పోయించాను. సున్నంలో వేపనూనె కలిపి గోడలకు పట్టించాను. పెట్టను తిరగేసి రెక్కల కింద, తోక కింద ఈకలు విడదీసి, జల్లించిన బూడిద పట్టించాను. మా అత్త అన్నీ చూస్తూ ఊరుకుంది కానీ, మూట దగ్గరికి నా చేయి పోగానే అరిచింది.

"దాన్ని తాకొద్దమ్మా. తాకినోళ్లకే తగులుకుంటాది."

తాకలేదు. కట్టిన దిష్టి మూటను విప్పడం మా వైపు ఎవరూ చేయరు, నేనూ చేయలేదు. పెట్టను మళ్లీ గూట్లో పెట్టాను.

మరునాడు గుడ్డ మళ్లీ ఎర్రబడింది. పెట్ట మళ్లీ లేచి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. వేపనూనె కల్తీదేమో అనుకున్నాను. కొత్త పొట్టు అమ్మినవాడు పేలతో సహా అమ్మాడేమో అనుకున్నాను.

"నీళ్లు నిజంగా కాగినాయా, లేక పొగ వస్తే సాలనుకున్నావా?" అని మా ఆయనను నిలదీశాను.

"కావాలంటే నీ చేయి పెట్టి సూసుకోనుండాల్సింది," అన్నాడు.

గూట్లో తల దూర్చి, సెల్లు లైటు వేసి వెదికాను. కొత్త సున్నం మీద ఎర్రటి చుక్కలు వరసగా కదులుతున్నాయి. పైకి పోతున్నాయి. మూట కట్టిన దారం పట్టుకుని నల్లగుడ్డ మడతల్లోకి దూరుతున్నాయి. ఆ మూట సరిగ్గా పెట్ట నెత్తిమీదే ఉంది.

"అత్తా, ఇట్ల రా."

"దాన్ని మాత్రం ముట్టుకోవద్దు."

"తగులుకుంటే నాకే తగులుకోనీ. ఇంకొక్కసారి పెట్ట లేచిందంటే మా అమ్మ కోళ్లు ఈడికి సరి."

దారం తెంపి మూటను తెల్లగుడ్డ మీద దులిపాను. మా అత్త కళ్లద్దాలు సర్దుకుని వంగింది. గుడ్డమీద పేలు కుప్పగా కదులుతున్నాయి.

"నేను కట్టిన దాంట్లోనా?" అంది మెల్లగా.

ఆమే గుడ్డతో సహా మూటను చుట్టి తీసుకెళ్లి నీళ్లపొయ్యిలో పడేసింది. గూటిని మళ్లీ కడిగాం. పెట్ట కూర్చుంది, ఆ తరువాత లేవలేదు. కొన్ని గుడ్లు మురిగిపోయాయి. మిగతావి పిల్లలయ్యాయి, అన్నీ మా అమ్మ పెరట్లో తిరిగిన కోళ్ల రంగే. చూసి ఏడ్చేశాను.

ఆ వారంలో చిన్నత్త మా జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చింది. వాకిలి దగ్గరే ఆగిపోయింది. పిల్లలు కిచకిచమంటున్నా తల ఎత్తలేదు, నేలనే చూస్తూ జల్లెడ చాచింది.

"లోపలికి రా చిన్నత్తా," అన్నాను.

"వద్దులే తల్లీ. సూస్తే మళ్లా నా మీదికే వస్తాది."

మా అత్త అరుగు దిగింది. గంప ఎత్తి ఒక పిల్లను పట్టుకుని వాకిలి దాకా నడిచింది. చిన్నత్త చేతిలోని జల్లెడ తీసి పక్కన పెట్టి, ఆ అరచేతిలో పిల్లను ఉంచింది.

"సూడు," అంది. "బాగా సూడు."