ఫోను చెప్పిన నాలుగో మాట

దయ్యాలున్నాయనేవాళ్ళతో నా జన్మంతా పోట్లాటే. ఐదో తరగతితో బడి మానేసినా పుస్తకాలు మానలేదు. మా మొవ్వలో ఎవరైనా తాయెత్తు కట్టుకొస్తే విప్పించేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. అలాంటి నేను ఇది రాస్తున్నాను.

నాగాయలంకలో మా అక్కకు పక్షవాతం వచ్చి పడిపోయింది. మాట పోయింది. ముఖం కదలదు. నడిపిస్తేనే కాళ్ళు వస్తాయన్నారని కూతురు సుజాత రోజూ పొద్దున్నే పట్టుకుని నిలబెట్టేది. నిలబెట్టగానే అక్క ఒళ్ళు కొయ్యబారిపోయేది. మొండికేస్తోందనుకున్నారు.

నొప్పేమో అని నేనంటే, మూలగడం లేదుగా అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పురిటినొప్పుల్లో కిక్కురుమనలేదని ఊరంతా మెచ్చుకున్న మనిషి. ఇప్పుడు కొత్తగా మూలగడం నేర్చుకోవాలా?

ఇంటికొచ్చే నర్సమ్మ ఫోనులో ఒక కొత్త ఏర్పాటు ఉంది. కెమెరా ముఖానికెదురుగా పెడితే కనుబొమలూ పెదవులూ కదిలే తీరుని బట్టి నొప్పి ఎంతో ఆడగొంతుతో పైకి చెబుతుంది. నొప్పి లేదు, కొంచెం నొప్పి, ఎక్కువ నొప్పి. దానికున్నవి ఆ మూడు మాటలే. అక్క ముఖం చూసి ఎప్పుడూ "నొప్పి లేదు" అనేది. కదలని ముఖంలో అది మాత్రం ఏం చదువుతుంది?

నేనున్న రోజున, అక్కను నిలబెట్టినప్పుడు, నర్సమ్మ చేతిలోని ఫోను అదే ఆడగొంతుతో స్పష్టంగా "తీపు" అంది.

సుజాత నవ్వేసింది. "అమ్మకేమో షుగరు, దీనికి తీపు కావాలంట మావయ్యా."

నాకు నవ్వు రాలేదు. నాట్లు వేసొచ్చి, కాళ్ళు చాపుకుని మా అమ్మ అనే మాట అది. ఎముక లోపల్నుంచి లాగే నొప్పిని ఆవిడ తీపు అనేది. అక్కా నేనూ చెరో కాలూ పిసికేవాళ్ళం. ఇప్పటివాళ్ళకు తీపంటే మిఠాయే.

"అక్కని పడుకోబెట్టు. కాలికి ఫొటో తీయించేదాకా నిలబెట్టావంటే ఊరుకోను," అన్నాను.

బందరు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే తుంటి దగ్గర ఎముక చిట్లి ఉంది. పడిపోయిన రోజుదే అయి ఉంటుందన్నారు డాక్టరు గారు. అలాగే నిలబెడుతూ పోతే పూర్తిగా విరిగేదట. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు అక్క సుజాత భుజం పట్టుకుని వీధి గుమ్మం దాకా వస్తోంది.

నర్సమ్మ ఆ ఫోను ఏర్పాటు చేసినవాళ్ళను అడిగింది. "అందులో ఆ మాట అసలు ఎక్కించలేదంటండీ," అంది. నాకు చెవుడనుకుందామంటే, సుజాతా విన్నది, నర్సమ్మా విన్నది. దయ్యమంటే ఇప్పటికీ ఒప్పుకోను. మరేమిటంటే చెప్పలేను.

నేను మాత్రం ఆ ఏర్పాటు చేసినవాళ్ళకు గట్టిగానే కబురు పెట్టాను. పోటు, సలుపు, మంట, తీపు అని నొప్పికి ఇన్ని పేర్లు పెట్టుకున్నవాళ్ళం, మా ముఖాలకు మూడు మాటలేనా అని. నిజమేనండీ, అన్నీ ఎక్కిస్తామన్నారు.

ఎక్కించకముందే అది ఎలా అందో వాళ్ళకీ తెలియదట.