డేగ కన్ను, ఎదురింటి గిన్నె

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెను డేగ అంటారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆమెకు తెలుసు. ఆ మాత్రం పసిగట్టలేకపోతే డేగ ఎందుకవుతుంది? కుట్టడం పూర్తయిన చొక్కాలు కట్టలు కట్టలుగా ఆమె బల్ల మీదికి వస్తాయి. కాలరు లాగి చూస్తుంది, చంక తిరగేసి చూస్తుంది, గుండీ మెలిపెట్టి చూస్తుంది. ఒక్క కుట్టు జారినా ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి తోసేస్తుంది. పదకొండేళ్లుగా ఇదే పని.

పదకొండేళ్లు తప్పులు వెతికిన కన్ను ఇంటికొస్తే మాత్రం ఊరుకుంటుందా? పాల ప్యాకెట్టును వెలుతురుకి ఎత్తి చూస్తుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడి వెనకే నిలబడి తనూ మీటరు చూస్తుంది. మొగుడు లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆ నాలుగు రోజులూ, "నన్ను కూడా ఓసారి తిరగేసి చూడవే, ఎక్కడైనా కుట్టు ఊడిందేమో" అని ఏడిపిస్తాడు. ఆమె నవ్వదు. లారీ ఎక్కడెక్కడ ఆగిందో అడుగుతుంది.

అనుమానం లేకుండా ఆమె చేతిలోకి తీసుకునేది ఈ లోకంలో ఒకటే. ఎదురింటి అక్క గిన్నె.

ఎదురింటి అక్క పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. మూడో అంతస్తులో ఉన్నవి రెండే వాటాలు, రెండు తలుపులకీ మధ్య నాలుగడుగుల వసారా. ఒక్కరికి సరిపడా వండడం డేగకు చేతకాదు. ఎంత చెయ్యి బిగబట్టినా ఇంకొకరికి మిగులుతుంది. అక్కదీ అదే చెయ్యి. అలా ఆరేళ్ల కిందట, సాయంత్రం ఏడింటికి ఎవరింట్లో మిగిలింది వాళ్లు తెచ్చుకుని వసారాలో పీటలేసుకుని కూర్చోవడం మొదలైంది. దానికి ఒకటే షరతు. మిగిలిందే తేవాలి, పనిగట్టుకుని వండింది తేకూడదు.

"వండి తెస్తే అది మర్యాద అవుతుందే. మర్యాదకి మళ్లీ మర్యాద చెయ్యాలి. ఎక్కడ చస్తాం?" అనేది అక్క.

మిగిలినవాటి రుచి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. పొయ్యి మీంచి దింపిన పూట వంకాయ బింకంగా ఉంటుంది, మర్నాటికి గానీ దారికి రాదు. ఉప్పూ కారం లోపలికంటా దిగి, పులుసు చిక్కబడి, గిన్నె అంచున కట్టిన పొరను గరిటెతో గీకితే అందులో ఉన్న రుచి కొత్త కూరలో వెయ్యి పెట్టినా రాదు. అడుగంటిన అన్నం పెచ్చు కోసం ఇద్దరూ చిన్నపిల్లల్లా పోటీపడేవాళ్లు. ఒకరి చిక్కుడు కూరలో ఇంకొకరి బంగాళాదుంపలు కలిపేసి, ఇది ఏ దేశపు వంట అని నవ్వుకునేవాళ్లు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు.

అన్నిటికంటే ముఖ్యం, డేగ వండిన కూర నోట్లో పెట్టుకోగానే అక్క కళ్లు మూసుకుని, "బాగుందే" అనేది. పొద్దున్నుంచీ సూపర్‌వైజరు కసుర్లు, కుట్టేవాళ్ల గొణుగుళ్లు, బస్సులో తోపులాట. ఇంత పొడుగు రోజులో డేగ చేసిన పనిని బాగుంది అనే మనిషి ఆ ఒక్కతే. ఆ మాట వింటే గానీ ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడం నామోషీ.

అలాంటి గిన్నె మీదే ఒకరోజు అనుమానం పడింది.

మొదట బెండకాయ ముక్కల దగ్గర. అన్నీ ఒక్క కొలతలో ఉన్నాయి. అక్క కత్తిపీట ముందు కూర్చుంటే ఒక ముక్క బొటనవేలంత, ఇంకోటి చిటికెనవేలంత తెగుతాయి. పైగా మిగిలిన కూరకు ఒక వాలకం ఉంటుంది. ఎవరో ముందు వడ్డించుకున్న గుంట ఉంటుంది, గరిటె గీత ఉంటుంది. ఈ కూర పైన అద్దంలా నున్నగా ఉంది. డేగ ఏమీ అనకుండా తినేసింది.

మర్నాడు మెట్ల కింద చెత్తబుట్టలోకి తొంగిచూసింది. ఆ మర్నాడూ చూసింది. వారం రోజులు చూస్తే అక్క సంచిలో ఒక్క ఉల్లిపొట్టు లేదు, ఒక్క తొడిమ లేదు. వండని ఇంట్లో కూర ఎలా మిగులుతుంది? అడిగేస్తే పోయేది. కానీ అడిగితే అది అనుమానం ఎలా అవుతుంది? మనసులో పెట్టుకుని నానబెట్టాలి కదా.

నానింది. పోస్టాఫీసు పాత స్నేహితురాలెవరో దగ్గరైందనీ, రేపో మాపో అక్క ఆ స్నేహితురాలి పక్క వాటాలోకి మారిపోతుందనీ ఒక రాత్రి తేల్చుకుంది. ఇంకో రాత్రికి అక్క మేనకోడలు ఆమెను తీసుకుపోవడానికి సిద్ధమైంది. తీసుకుపోతే ఏడింటికి తలుపు తీసి ఎవరి ముందు కూర్చోవాలి? అనుమానం పెనుభూతం అంటారు. డేగ ఇంట్లో అది మంచమేసుకుని పడుకుంది.

ఒక శనివారం మెషీన్లు మొరాయించి ఫ్యాక్టరీకి సగం పూటకే సెలవిచ్చారు. ఆమె మెట్లెక్కుతుంటే క్యారేజీలు ఇచ్చే ఆవిడ ఎదురొచ్చింది, చేతిలో నిన్నటి ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ.

"ఎవరింటికమ్మా?"

"పైన పోస్టాఫీసు పెద్దమ్మకి. మూడు నెలలుగా మా భోజనమేగా," అంది ఆవిడ దిగిపోతూ.

డేగ మెట్టు మీదే చతికిలబడింది. అంటే మూడు నెలలుగా కొన్న కూర గిన్నెలోకి ఒంపి, మిగిలిందని చెప్పి తనకు పెడుతోంది. షరతు పెట్టిన మనిషే! ఇంత అబద్ధం ఆడగలిగినామె "బాగుందే" అన్న మాటలో మాత్రం నిజం ఉంటుందని ఏమిటి నమ్మకం? అసలు తన కూర తింటోందా? తన ముందు రెండు ముద్దలు తిని, "కడుపు నిండిందే, ఇది రేపటికి ఉంచుకుంటా" అని లోపలికి పట్టుకుపోవడం ఈమధ్య ఎక్కువైంది. లోపల ఏం జరుగుతోందో ఎవరు చూడొచ్చారు?

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. డేగలాంటివాళ్ల కన్ను నిద్రపోతోందేమో చూడ్డానికి సూపర్‌వైజరు మంచి చొక్కాల కట్టలో కావాలని ఒక చెడ్డ చొక్కా దూరుస్తాడు. దాన్ని దొంగ చొక్కా అంటారు. పట్టుకుంటే సరే, వదిలేస్తే ఆ రోజు చూసిన కట్టలన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలి. డేగ ఇంతవరకు ఒక్కటీ వదల్లేదు.

ఆ సాయంత్రం ఆమె నిన్నటి బంగాళాదుంప కూర వేడిచేసి, అందులో నాలుగు చెంచాల ఉప్పు వేసి కలిపింది. నాలుక చివర పెట్టుకుని చూస్తే ఒళ్లు జలదరించింది. బాగుందంటే అబద్ధం దొరికినట్టే. ఉమ్మేస్తే ఇన్నాళ్లూ నిజంగా తిన్నట్టే. ఏదైతే అది అవుతుందని గిన్నె పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"ఇవాళ ఆలస్యమైందేం?" అంది అక్క పీట జరుపుతూ.

"ఏం లేదు, తినండి."

అక్క అన్నంలో కూర కలిపింది. పెద్ద ముద్ద చేసింది. డేగ రెప్ప వెయ్యలేదు. అక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, కళ్లు మూసుకుని, "బాగుందే" అంది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయింది. నీ చెయ్యి తిరిగిన చెయ్యి కదా," అంటూ ఇంకో ముద్ద పెట్టుకుంది. మూడోది కూడా. మొహంలో ఒక్క గీత కదల్లేదు. నటించేవాళ్లు గొంతు దగ్గర ఎక్కడో ఒక చోట పట్టుబడతారు, అది డేగకు తెలుసు. ఇక్కడ ఏమీ పట్టుబడలేదు. అక్క నాలుగో ముద్ద కలుపుతుంటే డేగకు గుర్తొచ్చింది. ఈ మనిషికి రక్తపోటు ఉంది. ఆ మాత్రలు నెలనెలా తెచ్చిపెట్టేది తనే.

"తినకండి!" అని కంచం లాగేసుకుంది. అన్నం వసారా అంతా చెదిరింది. "అందులో ఉప్పు నాలుగు చెంచాలు వేశానక్కా. కావాలనే వేశాను. మీకు తెలియడం లేదా?"

అక్క చెదిరిన మెతుకుల్ని వేలితో ఒక్కొక్కటే దగ్గరికి చేర్చింది.

"మూడు నెలల కిందట జ్వరం వచ్చి వారం పడుకున్నాను చూడు, అప్పట్నుంచి," అంది చివరికి. "రుచీ లేదు, వాసనా లేదు. మట్టి తిన్నా ఒకటే. రెండుసార్లు గిన్నె మాడి పొగ కమ్మేదాకా తెలియలేదు. భయమేసి పొయ్యి ముట్టుకోవడం మానేశాను."

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు గిన్నె తెస్తావా? నాలుక చచ్చినదానికి ఎందుకులే అనుకుంటావు. లేదా జాలిపడి తెస్తావు. రెండూ నాకొద్దు."

డేగ లెక్క వేసుకుంది. మూడు నెలలుగా తను నిద్రపోయింది ఎవరూ రుచి చూడని కూర తాలూకు మెప్పు మీద. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. అయినా బుద్ధి ఊరుకుంటేనా? ఇంకా లోపలికి తవ్వింది.

"సరే, జ్వరానికి ముందు? అప్పుడన్నవైనా నిజమేనా?"

అక్క చీర కొంగు సర్దుకుంది. కొంగు బాగానే ఉంది.

"చెప్పండక్కా. నాకు అబద్ధం వద్దు."

"నీ కూరల్లో ఉప్పు ఎప్పుడూ ఓ రవ్వ ఎక్కువేనే. వంకాయ సరిగ్గా మగ్గనివ్వవు, అన్నిటికీ తొందర. చిక్కుడుకాయ పీచు తియ్యనే తియ్యవు. లోకంలో అందరి తప్పులూ చూస్తావు గానీ..."

"ఆరేళ్లు!"

"ఊఁ. ఆరేళ్లు."

"మరెందుకు తిన్నారు ఇన్నాళ్లూ?"

"ఉద్యోగం అయిపోయాక ఏడాదిపాటు ఒక్కదాన్నే కంచం ముందు కూర్చున్నాను," అంది అక్క. "మంచి రుచిగా వండుకునేదాన్ని. నాలుక బ్రహ్మాండంగా ఉన్న రోజులు. అయినా ముద్ద గొంతు దిగేది కాదే. నువ్వు ఎదురుగా కూర్చున్నాక దిగడం మొదలైంది. ఇప్పుడు రుచి పోయినా దిగుతోంది చూశావా?"

డేగకు కోపం రావాలి. వస్తుందేమోనని చూసింది కూడా. బదులుగా కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా రాలాయి, చేతులకు అన్నం అంటి ఉండడంతో తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. అలాగే లేచి చెదిరిన మెతుకులు ఎత్తి, ఉప్పు కూర పారబోసి, అక్కచేత రెండు గ్లాసుల నీళ్లు తాగించింది. తర్వాత తనే అక్క వంటింట్లోకి వెళ్లి, గిన్నెలోకి ఒంపకుండా క్యారేజీనే తెచ్చి మధ్యలో పెట్టి, రెండు కంచాల్లో వడ్డించింది.

అక్క ముద్ద కలిపి పట్టుకుని ఆగింది. "ఎలా ఉందే?" అంది.

డేగ నమిలి చూసింది. "నూనె ఎక్కువ. కారం మొహం చూడలేదు."

అక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఇంకా?"

"బీరకాయ ముదిరింది. పోపు కొంచెం మాడింది, ఆ చేదు చివర్న తగులుతోంది."

"చివర్నా?" అంది అక్క కళ్లు మూసుకుని మెల్లగా నములుతూ. "చెప్పు, ఇంకా చెప్పు."