ప్రింటర్ల మల్లేశన్న ఇగ లేడు

నిన్న పొద్దున యాదమ్మ వదిన ఫోన్.

"చెల్లే, మీ అన్న లేస్తలేడు" అన్నది.

లేస్తలేడంటే జ్వరమేమో అనుకున్న. ఏ డాక్టర్ దగ్గరికి తీస్కపోవాల్నో ఆలోచిస్తున్న. వదిన ఏడుపు విన్నంక గాని నాకు అర్థం కాలే.

హార్ట్ ఎటాక్. నిద్రలనే. యాభై రెండేండ్లు. ఇదేం న్యాయం దేవుడా!

గ్రూపుల RIP అని మూడక్షరాలు కొట్టి ఊకునుడు నాతోని కాదు. అందుకే రాస్తున్న.

బొంబాయి కామాటిపురల మా గల్లీ వాళ్లకు మల్లేశన్న గురించి చెప్పే పని లేదు. తెల్వనోళ్ల కోసం చెప్తున్న. పాలమూరు మేస్త్రి కొడుకు. పదో క్లాస్ కాంగనే జిరాక్స్ షాపుల చేరిండు. మిషన్లు విప్పుకుంట, బిగించుకుంట కంప్యూటర్ నేర్చిండు. ప్రోగ్రామింగ్ కూడ ఎవరూ చెప్పకుండనే నేర్చిండు.

తర్వాత రక్త పరీక్షలు చేసే ఒక పెద్ద ల్యాబ్ ఆఫీసుల ప్రింటర్లన్నీ ఆయన చేతి కిందనే. పెద్ద పెద్ద డిగ్రీలున్నోళ్లు తల పట్టుకొని, ఆఖరికి "మల్లేశ్ భావూని పిలువుండ్రి" అనేటోళ్లు. మరాఠీల భావూ అంటే అన్ననే.

నేను కాలేజీల ఉన్నప్పుడు, ఒక్కో రూముల ఒక్కో కుటుంబం ఉండే మా చాల్ బిల్డింగుల బతుకమ్మకు తెలుగుల పాంప్లెట్ కొట్టిద్దామని షాపుకు పోయినం. అక్షరాలకు బదులు అన్నీ ఖాళీ డబ్బాలు వచ్చినయ్. షాపాయన చేతులెత్తేసిండు.

అన్న వచ్చి కూసున్నడు. పేజీనంత ఫొటో లెక్క చేసి ప్రింటర్‌కు పంపే చిన్న ప్రోగ్రామ్ రాసిండు.

"దీనికి తెలుగు రాదు. బొమ్మ అయితే గీస్తది గద!" అని నవ్విండు.

కంప్యూటర్ చదివేది నేను. నాకు తోచలే అది. సిగ్గయింది గాని, నోరు తెరుచుకొని చూసిన.

మా అమ్మ ఒకసారి అడిగింది, గీ ప్రింటర్ డ్రైవర్ అంటే ఏందిరా అని. అన్న చెప్పిండు: "చిన్నమ్మా, సాహెబ్ మరాఠీల చెప్తడు. మన మేస్త్రీలకు తెలుగే వస్తది. నడుమ రెండూ వచ్చినోడు ఒకడుంటడు గద. వాడు తప్పు చెప్పిండనుకో, గోడ వంకర లేస్తది. డ్రైవర్ గంతే."

అమ్మకు అర్థమైంది. మా ప్రొఫెసర్ చెప్తే నాకు కాలే!

నాయిన పరంజా మీదికెళ్లి పడి మంచం పట్టినంక, అన్ననే నాకు ఆ ల్యాబ్‌ల నౌకరి ఇప్పించిండు. ఆరు నెలల ప్రొబేషన్. ఇల్లంత నా మీదనే ఆధారం.

అయిదో నెలల నేను చేసిన ఘనకార్యం వినుండ్రి.

కొత్త డ్రైవర్లు ఎక్కించాలె. ఆ ప్రింటర్ల పేర్లు చూస్తే నాకు చిరాకు. ఎప్పుడో నౌకరి ఇడిచిపెట్టి పోయినోళ్ల పేర్లు ఇంకా వాటికి ఉన్నయ్. శనివారం అన్నీ తీసేసి, ఏ ఫ్లోర్ల ఎన్నో నంబర్‌దో చూసి నీట్‌గ కొత్త పేర్లు పెట్టిన. "అడగకుండ ముట్టొద్దు" అని అన్న ముందే చెప్పిండు. నేను అడిగితే గద!

సోమవారం కౌంటర్ల ఒక్క రిపోర్టు రాలే. రిపోర్టులు తీసే ప్రోగ్రామ్‌ల ప్రింటర్ల పాత పేర్లే రాసి ఉన్నయ్. వాటి కోసమే వెతుకుతది, దొరక్క ఆగిపోయింది. పేషెంట్ల లైన్ గేటు దాక వచ్చింది. ఒక ముసలామె, ఆపరేషన్ ఉన్నది బిడ్డా అని చేతులు జోడిస్తున్నది.

అన్న వచ్చి ఒక్కటే అడిగిండు. "శనివారం నడిచింది. ఇయ్యాల నడుస్తలేదు. నడుమ ఏం మార్చినవ్?"

"ఏం మార్చలే అన్నా. కొత్త డ్రైవర్‌లనే ఏదో లోపం ఉన్నది" అన్న.

పచ్చి అబద్ధం. నౌకరి పోతదని భయం.

"అట్లనా" అన్నడు. గంతే.

ముసలామె రిపోర్టు ముందు తీసిచ్చిండు. తర్వాత తన కంప్యూటర్‌ల నుంచి ఒక్కొక్క రిపోర్టు చేత్తోని తీసుకుంట పోయిండు. నేను పేషెంట్ల పేర్లు పిలుస్తున్న. మళ్ల ఒక్క మాట అడగలే. అడిగి తిట్టినా బాగుండు. అర్ధగంటయినంక నాతోని కాలే.

"అన్నా, పేర్లు నేనే మార్చిన."

కోపం చేయలే. "మన చాల్‌ల బాలమ్మ ఖోలీ ఏ రూమంటే ఎవరైన చూపెడ్తరు. బాలమ్మ పోయి ఎన్నేండ్లాయె! అయినా పోస్ట్‌మ్యాన్‌కు కూడ అదే పేరు ఎరుక. పేరు మారిస్తే వాడు వాపస్ పోతడు గద" అన్నడు.

చాల్‌ల పుట్టి పెరిగినదాన్ని. ఆ బుద్ధి కంప్యూటర్ ముందర ఎటు వోయిందో!

కీబోర్డ్ నా దిక్కు జరిపి "నువ్వే రాయి" అన్నడు. ఏ పాత పేరు అడిగితే ఏ కొత్త ప్రింటర్‌కు పంపాల్నో పది లైన్లు రాసిన. రిపోర్టులు వచ్చినయ్. పోయి మేనేజర్ సాహెబ్‌కు కూడ నేనే ఒప్పుకున్న. ఆయన గడియారం దిక్కు చూసి "ఠీక్ హై, పని చూస్కో" అన్నడు.

నసీబు బాగుండి బతికిపోయిన అనుకున్న.

నిన్న స్మశానంల ఆ సాహెబ్ కనబడ్డడు. రిటైర్ అయిండు. పక్కకు పిలిచి చెప్పిండు.

ఆ సోమవారం నన్ను అడగకముందే అన్న లాగ్ చూసిండంట. నా పేరు, నేను మార్చిన టైమ్, అన్నీ అండ్ల ఉన్నయ్. సాహెబ్ నన్ను అప్పుడే తీసేస్తనని లేచిండంట.

అన్న ఆపిండంట. "సాహెబ్, ఒక్క అర్ధగంట ఇయ్యుండ్రి. పిల్ల తనే చెప్తది. చెప్పకపోతే ఆమె ఐడీ కార్డు నేనే తెచ్చి మీ చేతుల పెడ్త."

అక్కడ్నే ఏడ్చిన.

ఏడేండ్లు పక్క సీట్ల కూసున్నవ్ అన్నా. ఒక్కసారి కూడ ఈ ముచ్చట ఎత్తలే. నేను అబద్ధం ఆడుతున్ననని తెలిసీ, నేను నిజం చెప్త అని నమ్మినవ్. అప్పుడు నాకే నా మీద ఆ నమ్మకం లేకుండె.

పోయిరా అన్నా. వదినకు మేమున్నం, రంది పడకు. నీ జీవునికి నెమ్మది దొరకాలె.