మెస్ దగ్గరి పాత దీపం

ఎడారి దేశంలోని మెసయీద్‌లో మా కంపెనీ వీధి దీపాలన్నీ తీసేసి తెల్లవి పెట్టింది. మెస్ దగ్గర మాత్రం చమురు దొరికిన కొత్తలో నాటిన ఇనుప స్తంభం ఒకటి మిగిలిపోయింది. సాయంత్రం దాని పసుపుపచ్చ బల్బు వెలగగానే మా గదిలోని జగిత్యాల పెద్దన్న చేతులు జోడించేవాడు.

"కరెంటు లైటుకు మొక్కుడేందన్నా?" అని నేను నవ్వేవాణ్ణి.

"గిది ఇంటి దీపం లెక్కనే ఉన్నది తమ్మీ. అక్కడ మీ వదిన గూడ దీపం ముట్టిచ్చి మొక్కుతది."

ఒకరోజు ఆ వదిన పోయిందని ఫోన్ వచ్చింది. కంపెనీ సెలవు ఇవ్వలేదు. సాయంత్రం ఆయన స్తంభం కిందే ఉన్నాడు. బల్బు వెలిగింది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే నిలబడ్డాడు.

"నాకు మైల ఉన్నది తమ్మీ," అన్నాడు. "నువ్వు మొక్కు."

నేను చెప్పులు విడిచి మొక్కాను.